రవీంద్రుడి పాటల తొలి రికార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో పెరిగాను. మా వరసలో సగం ఇళ్లు తెలుగువాళ్లవి, సగం బెంగాలీలవి. పక్కింటి మాసీమా ఆదివారం మధ్యాహ్నాలు గ్రామఫోను పెట్టేవారు. వంటింట్లో మా అమ్మ పప్పు తాలింపు వేస్తుంటే, గోడ అవతల నుంచి రవీంద్ర సంగీతం వినపడేది. ఆ పాటల అర్థం తెలియడానికి పదేళ్లు పట్టింది, ఆ గ్రామఫోను ప్లేట్ల విలువ తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు. ఇప్పుడు నేనూ పాత ప్లేట్లు కూడబెడుతున్నాను. వాటి గురించి తెలుగు మిత్రులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

రవీంద్రుడు కవి కదా, పాటల రచయిత అంటారేం?

గీతాంజలికి నోబెల్ వచ్చిందని చదువుకున్న మనకు ఆయన ముందు కవిగానే తెలుసు. బెంగాల్లో అలా కాదు. అక్కడ ఆయన పద్యం చదవని ఇంట్లో కూడా ఆయన పాట పాడతారు. 2,200కు పైగా పాటలు రాశారు. దాదాపు అన్నింటికీ వరస కూడా ఆయనే కట్టారు. మన భాషలో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: వాగ్గేయకారుడు. మాటా పాటా ఒకరివే. పాటల మాటలన్నీ 'గీతవితాన్' అనే సంకలనంలో ఉన్నాయి, స్వరాలు 'స్వరవితాన్' పేరుతో అరవైకి పైగా సంపుటాల్లో వచ్చాయి.

త్యాగయ్య గొంతు మనకు దక్కలేదు. ఆయన 1847లో పోయారు, ఎడిసన్ ఫోనోగ్రాఫు 1877లో వచ్చింది. రవీంద్రుడు పుట్టింది 1861లో. ఒక మహా వాగ్గేయకారుడి పాట ఆయన నోటి నుంచే యంత్రంలోకి వెళ్లిన అరుదైన సందర్భం ఇది. నాకు ఈ రికార్డుల మీద ఇంత మమకారం అందుకే.

మొట్టమొదట ఆయన గొంతు రికార్డు చేసిందెవరు?

హేమేంద్రమోహన్ బోస్. అందరూ హెచ్. బోస్ అనేవారు. ఈయన గురించి తెలియకుండా ఈ కథ మొదలుకాదు, అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

బోస్‌గారి అసలు వ్యాపారం తలనూనెలు, అత్తర్లు. తలకు 'కుంతలీన్', చేతిరుమాలుకు 'దెల్‌ఖోష్', తాంబూలంలోకి 'తాంబూలీన్'. ఈ మూడు పేర్లూ కలిపి కట్టిన ప్రకటన పద్యం బెంగాలీ పెద్దవాళ్లకు ఇప్పటికీ నోటికి వస్తుంది. నూనె అమ్ముడుపోవడానికి ఆయన కథల పోటీ పెట్టారు. 1896లో మొదటి కుంతలీన్ బహుమతి వచ్చింది జగదీశ్‌చంద్ర బోస్‌కు, అవును, ఆ శాస్త్రవేత్తకే. సైకిళ్లు, మోటారు కార్లు, కెమెరాలు, కొత్తగా ఏ యంత్రం వచ్చినా కలకత్తాలో ముందు బోస్‌గారి చేతిలో ఉండేది. ఫోనోగ్రాఫు కూడా అలాగే వచ్చింది. దాంతో ఊళ్లోని ప్రముఖుల గొంతులు మైనపు గొట్టాల మీదికి ఎక్కించడం మొదలుపెట్టారు. ధర్మతలాలో 'టాకింగ్ మెషీన్ హాల్' అని దుకాణం తెరిచారు.

అది వంగవిభజన కాలం. 1905 అక్టోబరు 16న బెంగాల్‌ను రెండు ముక్కలు చేశారు. ఆ రోజు రవీంద్రుడు జనంతో కలిసి వీధుల్లో నడిచి హిందువులకూ ముస్లింలకూ రాఖీలు కట్టారు. 'అమార్ సోనార్ బాంగ్లా', 'ఏక్లా చలో రే', 'బాంగ్లార్ మాటి బాంగ్లార్ జల్' ఆ రోజుల్లో పుట్టిన పాటలే. విదేశీ సరుకు వద్దనుకుంటున్న సమయంలో, స్వదేశీ మనిషి నడిపే దుకాణంలో, స్వదేశీ పాట. బోస్‌గారి గొట్టాలకు గిరాకీ ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. కవి స్వయంగా వచ్చి ఆయన యంత్రం ముందు పాడారు.

ఇంకొక్క మాట. ఈ బోస్‌గారి భార్య మృణాళిని, ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌదరి చెల్లెలు. అంటే సత్యజిత్ రాయ్ తాతగారి చెల్లెలు. బోస్ దంపతుల కొడుకు నితిన్ బోస్ 1935లో 'భాగ్యచక్ర' తీసి మన సినిమాకు నేపథ్యగానం పరిచయం చేశారు. తండ్రి గొంతును మైనం మీదికి ఎక్కిస్తే, కొడుకు తెర వెనక్కి చేర్చాడు.

మైనపు గొట్టం అంటే ఎలా ఉంటుంది?

మన వంటింట్లో గ్లాసు ఉంటుంది చూడండి, ఇంచుమించు అంత పొడవు, లోపల బోలు. పైన గట్టి మైనపు పొర. అది తిరుగుతుంటే పెద్ద బూర ముందు నిలబడి పాడాలి. మైకు లేదు, కరెంటు లేదు. గొంతులోంచి వచ్చిన గాలి తాకిడికే బూర చివర ఉన్న పలక అదిరి, దానికున్న ములుకు మైనం మీద చాలు గీస్తుంది. దుక్కి దున్నినట్టే. ఆ చాలులో మళ్లీ ములుకు నడిపిస్తే పాట వినపడుతుంది.

ఒక గొట్టంలో పట్టేది రెండు నిమిషాలు. మెల్లగా పాడితే ములుక్కి అందదు, మరీ గట్టిగా పాడితే గరగరమంటుంది. రవీంద్రుడి పాటలేమో చాలావరకు పక్కన కూర్చున్న మనిషికి వినపడేలా పాడుకునేవి. ఆ పాటల్ని బూరలోకి అరిచి పాడాల్సి రావడం ఎంత ఇబ్బందో ఊహించుకోండి. తొలి రికార్డుల్లో గొంతు బిగుసుకున్నట్టు అనిపిస్తే తప్పు గాయకులది కాదు.

ఆ గొట్టాలన్నీ ఏమయ్యాయి?

చాలావరకు పోయాయి. మైనం ఎండకు మెత్తబడుతుంది, వానాకాలం బూజు పడుతుంది, చేయి జారితే పగులుతుంది. బెంగాల్ వాతావరణంలో ఈ మూడింటికీ కొదవ లేదు. పైగా వేసిన ప్రతిసారీ ములుకు కొంత మైనాన్ని గీకేస్తుంది. ఎంత ఇష్టంగా వింటే పాట అంత త్వరగా అరిగిపోయేది. స్వదేశీ పాటలున్న గొట్టం ఇంట్లో ఉంచుకోవడమే భయంగా మారిన రోజులు కూడా వచ్చాయి.

'ఏక్లా చలో రే'ని రవీంద్రుడు బోస్‌గారి గొట్టం మీద పాడారు. అది ఇప్పుడు లేదు. ఎవరూ తోడు రాకపోతే ఒంటరిగానే నడవమన్న ఆ పాటను, రాసిన కొత్తల్లో, నలభై నాలుగైదేళ్ల వయసులో ఆయన ఎంత వేగంతో, ఏ ఊపుతో పాడారో మనకు ఇక తెలిసే దారి లేదు. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇదే.

ఇంటర్నెట్‌లో తిరిగే 'వందేమాతరం' నిజంగా ఆయన గొంతేనా?

ఆయనదే. బోస్‌గారు తర్వాత ప్యారిస్‌కు చెందిన పాతే కంపెనీతో ఒప్పందం చేసుకుని, తన గొట్టాల మీది పాటల్ని ప్లేట్ల మీదికి మార్పించారు. 'పాతే – హెచ్. బోస్ రికార్డు' అని లేబులు ఉండే ఆ ప్లేట్లలో ఒకదాని మీద ఈ పాట బతికింది. గొట్టం పోయినా ప్లేటు మిగిలింది.

వినే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఛాయాచిత్రాల్లోని ఆ గడ్డం, ఆ జుబ్బా చూసి గంభీరమైన మంద్రస్వరం వస్తుందని ఎదురుచూస్తాం. వచ్చేది సన్నని, పైస్థాయి గొంతు. మొదటిసారి విన్నవాళ్లు ప్లేటు వేగం తప్పిందేమో అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఆయన గొంతే పైస్థాయిది. 1896లో కలకత్తా కాంగ్రెసు సభలో బంకించంద్రుడి ఈ గీతాన్ని పాడింది కూడా ఈ గొంతే. మైకు లేని సభలో అంతమందికి అది ఎలా వినపడిందో రికార్డు వింటే అర్థమవుతుంది.

గ్రామఫోను కంపెనీ అంతకుముందే కలకత్తా వచ్చింది కదా? వాళ్లు ఆయన పాటలు రికార్డు చేయలేదా?

చేశారు, కానీ వేరే దారిలో. కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో యంత్రం దించాడు. గాయని గౌహర్‌జాన్ మొదటి పాటలు అప్పటివే. గైస్‌బర్గ్‌కు కావలసింది అప్పటికే పేరున్న వృత్తిగాయనులు, నాటకశాలల తారలు. ఆ రికార్డులు జర్మనీలోని హనోవర్‌లో అచ్చయి తిరిగి వచ్చేవి. కలకత్తా సియాల్దాలో కంపెనీ సొంత కర్మాగారం 1908లో గానీ మొదలుకాలేదు.

రవీంద్రుడి పాటలు నాటకశాలల్లోకి ఎప్పుడో చేరిపోయాయి. అక్కడి గాయనులు వాటిని తమకు తెలిసిన బాణీలో, తానాలు జోడించి, ఒక్కోసారి మాటలు కూడా మార్చి పాడారు. లేబులు మీద గాయని పేరు ఉండేది, రాగం పేరు ఉండేది. రాసినవారి పేరు చాలాసార్లు ఉండేది కాదు. అందుకే పాత ప్లేట్లలో ఆయన పాటను చెవితో గుర్తుపట్టాల్సిందే, లేబులును నమ్ముకుంటే దొరకదు.

ఈ గాయనుల రికార్డులను 'కలుషితం' అని తీసిపారేసే అలవాటు చాలాకాలం ఉండేది. నేను ఒప్పుకోను. మర్యాదస్తుల ఇళ్లలో ఆడవాళ్లు బయటి మగవాళ్ల ముందు పాడని రోజుల్లో బూర ముందు నిలబడే ధైర్యం చేసింది వీళ్లే. మన దక్షిణాదిలోనూ అంతే. తొలి కర్ణాటక సంగీత ప్లేట్లలో త్యాగరాజ కృతులు పాడింది ఎక్కువగా దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లే. వాళ్లు పాడకపోతే ఆ పదిహేను, ఇరవై ఏళ్ల సంగీతం మనకు నిశ్శబ్దమే.

ఆ గోడను దాటిన మొదటివారిలో అమలా దాస్ ఒకరు. దేశబంధు చిత్తరంజన్ దాస్ చెల్లెలు, కవి దగ్గరే పాటలు నేర్చుకున్నారు. ప్లేటు మీద ఆమె పేరు 'మిస్ దాస్', పక్కన 'అమెచ్యూర్' అని వేశారు. ఈమె పాడుకుని బతికే మనిషి కాదని చెప్పడానికి ఆ మాట. ఆమె దగ్గర నేర్చుకున్న సోదరి కూతురు సహానా దేవి కూడా తర్వాత రికార్డులు ఇచ్చారు.

తొలి రికార్డుల్లో పాట ఇప్పుడు పాడే పాటలా ఉండదు. ఏది అసలుది?

అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. నా జవాబు చాలామందికి నచ్చదు: ఒక్కటే 'అసలుది' అంటూ లేదు.

ముందు కాలం సంగతి చూడండి. ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. రవీంద్రుడి పాటకు తరచుగా నాలుగు భాగాలుంటాయి: స్థాయి, అంతర, సంచారి, ఆభోగ్. సంచారి మూడో భాగం. పాట అక్కడ దిగువకు వంగి, లోపలికి చూసుకుని, మళ్లీ పైకి లేస్తుంది. మూడు నిమిషాల్లో ఇమడాలంటే వేగం పెంచాలి, లేదా చరణం కోయాలి. రెండూ జరిగాయి.

తర్వాత జ్ఞాపకం సంగతి. రవీంద్రుడు వరస కట్టిన కాసేపటికే దాన్ని మరిచిపోయేవారు. అందుకని పాట పుట్టగానే అన్నగారి మనవడు దినేంద్రనాథ్‌ను పిలిచేవారు. దినేంద్రనాథ్ ఒకసారి వింటే పట్టుకుని, స్వరాలు రాసి, శాంతినికేతన్ పిల్లలకు నేర్పేవారు. 'ఫాల్గుని' నాటకం అంకితంలో కవి ఆయన్ను తన పాటలన్నిటికీ భాండారి అన్నారు, అంటే ధాన్యపు కొట్టు తాళంచెవి ఉన్న మనిషి. ఆయన పాడిన రికార్డులు కూడా ఉన్నాయి. నన్నడిగితే, పాట వేగం ఎంత ఉండాలి, మాట ఎక్కడ విరవాలి అన్నదానికి అన్నిటికంటే దగ్గరి సాక్ష్యం అవే. చాలా పాటలు అక్కడ ఇప్పుడు పాడే తీరుకంటే చురుగ్గా నడుస్తాయి. ఈ రోజుల్లో వినపడే ఆ నీరసపు సాగతీత తర్వాత వచ్చి చేరింది.

తన పాట తన పాటలాగే వినపడాలని కవి పట్టుపట్టిన మాట నిజం. గాయకుడి స్వేచ్ఛ గురించి సంగీతకారుడు దిలీప్‌కుమార్ రాయ్‌తో ఆయన చేసిన వాదన అచ్చులోనే ఉంది. కానీ తన పాటకు తానే రెండు మూడు వరసలు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. తొలి రికార్డులు మనకిచ్చే మేలు ఇదే: పాట గడ్డకట్టక ముందు ఎలా పారిందో చూపిస్తాయి.

పాత ప్లేట్లలో హార్మోనియం గట్టిగా వినపడుతుంది. ఆయనకు హార్మోనియం పడదంటారు కదా?

పడదు. ఆయన ఇష్టపడింది కమానుతో వాయించే తీగవాద్యం ఎస్రాజ్‌ను. కానీ బూర ముందు తీగవాద్యం నీరసంగా వినపడుతుంది, హార్మోనియం దూసుకుపోతుంది. కాబట్టి స్టూడియోల్లో దానిదే రాజ్యం. 1925 ప్రాంతంలో కరెంటు మైకు వచ్చాక గానీ ఎస్రాజ్‌కు చోటు దొరకలేదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించడానికి ముందు, దాని మీద తన అయిష్టాన్ని తెలుపుతూ కలకత్తా కేంద్రానికి ఆయన ఉత్తరం కూడా రాశారు.

ఆయన ముసలితనంలో పాడిన రికార్డు ఏది వినాలి?

'తొబు మొనే రేఖో'. అయినా గుర్తుంచుకో, అని. యౌవనంలో రాసిన పాట. 1932లో చండీచరణ్ సాహా కలకత్తాలో హిందుస్థాన్ రికార్డింగ్ కంపెనీ మొదలుపెట్టినప్పుడు మొదటి నంబరు ప్లేటు కోసం కవినే పిలిచారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. గొంతు వణుకుతుంది. శ్వాస మధ్యలో తెగుతుంది. ఇరవై ఏళ్ల వాడు నేను దూరమైపోయినా గుర్తుంచుకో అంటే విరహం, డెబ్బై ఏళ్ల వాడు అదే మాట అంటే వేరు. మైకు వచ్చింది కాబట్టి ఇక్కడ అరవాల్సిన పని లేదు, పక్కన కూర్చుని పాడినట్టే ఉంటుంది. 'అంధజనే దేహో ఆలో' కూడా వినండి.

బెంగాల్ బయటివాళ్లకు ఆయన పాటను చేర్చింది ఏ రికార్డులు?

సినిమా రికార్డులు. 1937లో వచ్చిన 'ముక్తి'లో గాయకుడు, సంగీత దర్శకుడు పంకజ్ మల్లిక్ కవి రాసిన ఒక పద్యానికి తానే వరస కట్టి, కవి అనుమతి తీసుకుని పాడారు. అది 'దినేర్ శేషే ఘుమేర్ దేశే'. ఆయన పద్యానికి మరొకరు వరస కట్టడం, దానికి ఆయన ఒప్పుకోవడం అరుదు. అదే సినిమాలో కానన్ దేవి పాడారు. జమ్మూలో పుట్టిన సైగల్ బెంగాలీ నేర్చుకుని పాడిన ప్లేట్లు ఇంటింటికీ వెళ్లాయి. మాసీమా ఇంట్లో నేను విన్నవి ఎక్కువగా పంకజ్ మల్లిక్‌వే.

ఈ పాటలకూ తెలుగువాళ్లకూ సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. రవీంద్రుడి మేనగోడలు సరళాదేవి మైసూరులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వస్తూ అక్కడి పాటలు మూటగట్టుకుని వచ్చారు. అందులో త్యాగయ్యగారి 'లావణ్య రామ' ఒకటి. పూర్ణషడ్జం రాగం. ఆ వరసలోనే రవీంద్రుడు 'ఎ కీ లావణ్యే పూర్ణ ప్రాణ్' కట్టారు. 'లావణ్య' అన్న మాట కూడా అలాగే ఉంచేశారు! రెండు రికార్డులూ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుని వినండి. బెంగాలీ ముక్క రాకపోయినా పాట మీకు ముందే తెలిసినట్టు ఉంటుంది. తర్వాతి కాలంలో మద్రాసు నుంచి శాంతినికేతన్ వెళ్లిన సావిత్రి అనే విద్యార్థిని పాడిన కీర్తనల నుంచి మరికొన్ని వచ్చాయి. దీక్షితుల 'మీనాక్షీ మే ముదం' వరసలో 'బాసంతీ హే భువనమోహినీ' ఉంది.

పిఠాపురం ఆస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని మురిసిపోయి, కవి ఆయన్ను శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు.

ఇక మదనపల్లె. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడిన 'జనగణమన'ను, 1919 ఫిబ్రవరిలో బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో దిగినప్పుడు కవి విద్యార్థులకు పాడి వినిపించారు. అక్కడే ఇంగ్లిషులోకి మార్చి రాశారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ వరసను పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టారు. యంత్రం లేని చోట కాగితమే రికార్డు. గాలిలో కలిసిపోవాల్సిన వరసను రాయలసీమ ఊళ్లో పట్టి ఉంచిన ఆ కాగితాన్ని నేను తొలి రికార్డుల లెక్కలోనే వేస్తాను.

ఎక్కడ వినొచ్చు?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ యూట్యూబులోనూ సేకర్తలు ఎక్కించినవి చాలా ఉన్నాయి. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్ పాత ప్లేట్లను డిజిటల్ చేసింది. శాంతినికేతన్‌లో రవీంద్రభవన్ ఉంది. డచ్చి పండితుడు ఆర్నల్డ్ బాకే శాంతినికేతన్‌లో ఉండి, 1930ల్లో మైనపు గొట్టాల మీద పట్టిన పాటలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. శబ్దాన్ని 'శుభ్రం' చేసిన ప్రతులతో జాగ్రత్త. గరగర తీసేయబోయి గొంతులోని గాలి కూడా తీసేస్తారు. రెండు ప్రతులుంటే గరగర ఉన్నదే వినండి.

వీటిని వాడుకోవచ్చా? కాపీరైటు?

పాటల మీద హక్కు విశ్వభారతికి ఉండేది. రచయిత పోయాక యాభై ఏళ్లు చెల్లే ఆ హక్కు 1991 చివరికి పూర్తవుతుంటే కేంద్రం గడువును అరవైకి పెంచింది. అదీ 2001 డిసెంబరు 31తో ముగిసింది. రికార్డు మీది హక్కు వేరు. మన చట్టంలో అది విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి ఈ పేజీలో చెప్పిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లన్నీ ఇప్పుడు అందరివీ.

మా ఇంట్లో తాతగారి ప్లేట్లున్నాయి. ఏం చేయమంటారు?

స్పిరిటుతో తుడవకండి. ఆ ప్లేటు లక్కతో చేసింది, స్పిరిటు లక్కను కరిగిస్తుంది. మెత్తటి గుడ్డను కొంచెం నీళ్లతో తడిపి, చాళ్ల వెంట గుండ్రంగా తుడిచి, వెంటనే ఆరబెట్టండి. లేబులు తడవకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. పాత ఉక్కు ముల్లయితే ప్రతి వైపుకూ కొత్తది వేయాలి, అరిగిన ముల్లు చాలును కోసేస్తుంది.

పాతే ప్లేటు దొరికితే మాత్రం ఉక్కు ముల్లు అసలు తాకించకండి. ఆ ప్లేట్లలో చాలు పక్కలకు కాదు, పైకీ కిందకీ ఊగుతుంది. దానికి నీలమణి గుండు ఉన్న ములుకు కావాలి, పైగా తొలినాటివి మధ్య నుంచి మొదలై అంచుకు నడుస్తాయి. ఒక్కసారి తప్పు ముల్లు పెట్టారంటే ఇంకెవరూ దాన్ని వినలేరు.

అన్నిటికంటే ముందు లేబులును రెండు వైపులా ఫొటో తీయండి. లేబులు పక్కన నున్నటి భాగంలో చెక్కిన అంకెలు కూడా పడాలి. రికార్డింగు ఎప్పటిదో చెప్పేవి ఆ అంకెలే.

నాకు బెంగాలీ రాదు. లేబులు ఎలా చదవాలి?

పాత లేబుళ్ల మీద చాలావరకు ఇంగ్లిషు అక్షరాలూ ఉంటాయి. పేరు చివర 'దాసి' ఉంటే నాటకశాల గాయని, 'జాన్' లేదా 'బాయి' ఉంటే మెహఫిల్ గాయని అనుకోవచ్చు. 'బాబు' అంటే మగ గాయకుడు. 'అమెచ్యూర్' ఉంటే మంచి కుటుంబం వాళ్లమ్మాయని కంపెనీ భరోసా ఇస్తోందన్నమాట. రచయిత పేరు కోసం వెతక్కండి, పాట మొదటి పాదం రాసుకుని గీతవితాన్ అకారాది పట్టికలో చూడండి. మాట మారి ఉంటే రెండో పాదంతో ప్రయత్నించండి. నా దగ్గరున్న ఒక ప్లేటు అలా చూస్తేనే దొరికింది. ఆ గాయని పేరు లేబులు మీద సగం చిరిగిపోయింది, 'దాసి' అన్న రెండక్షరాలే మిగిలాయి.